పిల్లల దుస్తులు – ఒంటి కొలతలు

అన్నవస్త్రాలు మానవునికి ప్రాథమికావసరాలని చిన్నతనం నుండి పాఠ్యపుస్తకాలలో చదువుతూనే వచ్చాము. అన్నం విషయంలో ఎంత తినాలి, ఏది తినాలి అని విచారించే మనం వస్త్రం విషయంలో మాత్రం రంగు బాగున్నదా, ధర అందుబాటులో ఉన్నదా అని చూచి ఊరుకొంటాము. తొడుక్కొనే పిల్లవాని ఒంటికి అది సరిపోయిందా అన్న ప్రశ్న చివరికి మిగులుతుంది. ఆ ప్రశ్నకు కంటితో చూచి జవాబు చెప్పడం ఒక పద్ధతి. కొలిచి చెప్పడం మరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతి ఎంత సులభమైనదో, ఎంత అవసరమైనదో ఈ వ్యాసంలో వివరించదలచాము.

మా చిన్ననాటి సంగతి ఒకటి ముందుగా చెప్పవలసి ఉన్నది. రంజాన్ నెల సగం గడిచేసరికి పాత గుంటూరులోని దర్జీ దుకాణాలు రాత్రింబగళ్ళు పనిచేసేవి. మమ్మల్ని దర్జీ ముందు నిలబెట్టి అమ్మ, "భాయ్, కాస్త వదులుగా కుట్టండి. వచ్చే పండుగకు కూడా రావాలి" అనేది. దర్జీ తల ఊపి, అన్ని వైపులా రెండేసి అంగుళాలు పెంచి వ్రాసుకొనేవాడు. మొదటి ఈద్ నాడు చేతులు మడుచుకొని, మోకాళ్ళు దాటిన కుర్తాతో తిరిగేవాళ్ళము. రెండవ ఈద్ నాటికి చంకలు పట్టేసేవి; పొడవు మాత్రం ఇంకా మిగిలే ఉండేది. అమ్మ కోరిక న్యాయమైనది, దర్జీ పనితనం గొప్పది. అయినా ఆ కుర్తా రెండు పండుగలలో దేనికీ సరిగా అమరలేదు. వదులు ఇవ్వవలసిన చోట ఇవ్వక, అక్కరలేని చోట ఇవ్వడమే అందుకు కారణమని చాలా కాలానికి గాని మాకు తెలియలేదు.

ఆది చొక్కాతో వచ్చే చిక్కు

మన ప్రాంతంలో దుస్తులు కుట్టించేటప్పుడు 'ఆది' ఇవ్వడం వాడుక. ఇంతకు ముందు సరిపోయిన చొక్కానో జాకెట్టునో దర్జీకి ఇచ్చి దాని ప్రకారం కుట్టమంటాము. పెద్దవారికి ఇది మంచి పద్ధతే. వారి భుజాలు, చేతుల పొడవు ఏండ్ల తరబడి మారవు. పిల్లవాని విషయం అట్లా కాదు. నిరుటి ఆది నిరుటి ఒంటికి గుర్తు మాత్రమే. పైగా అది అప్పటికే ఎన్నోసార్లు ఉతికి, ఆరవేసి, కొంత కుంచించుకొని ఉంటుంది.

ఆదిని అనుసరించి అన్ని వైపులా సమానంగా పెంచితే సరిపోతుందని కొందరు అనుకొంటారు. కాని శరీరం అన్ని వైపులా సమానంగా పెరగదు. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగవ వంతు తలే ఉంటుంది. పెద్దవారిలో అది ఏడెనిమిది వంతులలో ఒక వంతు మాత్రమే. పసితనం దాటిన తరువాత కాళ్ళు మొండెం కంటె వేగంగా ఎదుగుతాయి. అందువల్లనే బడి పిల్లవాని చొక్కా ఛాతీ వద్ద బాగానే ఉండగా లాగు మాత్రం చీలమండ పైకి ఎక్కిపోతుంది. ఈడు వచ్చే సమయంలో మళ్ళీ భుజాలు, తుంటి, ఛాతీ మారుతాయి. ఆడపిల్లలలో ఈ ఎదుగుదల మగపిల్లల కంటె సుమారు రెండేండ్లు ముందుగా వస్తుంది. కాబట్టి ఒకే తరగతిలోని అన్నచెల్లెళ్ళ వంటి పిల్లలకు కూడా ఒకే లెక్క పనికిరాదు.

వయస్సు కొలత కాదు

దుకాణంలో సిద్ధంగా దొరికే పిల్లల దుస్తుల మీద '8–9 ఏండ్లు' అని చీటీ ఉంటుంది. తొమ్మిదేండ్ల పిల్లలు ఇద్దరిని ఊహించుకొందాము. ఒకరి ఎత్తు 119 సెంటీమీటర్లు, మరొకరిది 136 సెంటీమీటర్లు కావచ్చు. ఇద్దరూ మన బడులలో కనిపించేవారే. రెండేండ్ల నుండి పన్నెండేండ్ల వరకు వయస్సును ఆరుతో గుణించి 77 కలిపితే సుమారైన ఎత్తు సెంటీమీటర్లలో వస్తుందని వైద్య విద్యార్థులు నేర్చుకొనే సూత్రం ఒకటి ఉన్నది. ఆ లెక్కన తొమ్మిదేండ్లకు 131 రావాలి. పై ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆ సగటు కాదు. సగటు బిడ్డ కోసం కుట్టిన చొక్కా ఒకరికి గోనెసంచి, మరొకరికి బిగువు.

ఈ సంగతిని విదేశాలలో చాలా కాలం క్రితమే గుర్తించారు. 1930ల చివరి భాగంలో అమెరికా వ్యవసాయ శాఖలోని గృహ ఆర్థిక విభాగం వారు, రూత్ ఓబ్రయన్ నాయకత్వాన, 4 నుండి 17 ఏండ్ల వయస్సు గల సుమారు 1,47,000 మంది పిల్లలను కొలిచారు. దుస్తుల సైజుకు వయస్సు మంచి ఆధారం కాదని, ఎత్తును, తుంటి చుట్టుకొలతను కలిపి చూడడం మేలని ఆ పరిశీలన తేల్చింది. ఐరోపా దేశాల ప్రమాణంలో పిల్లల దుస్తుల సైజు అంటే ఎత్తే. 104, 110, 116, 122, 128 అని ఆరేసి సెంటీమీటర్ల మెట్లుగా సైజులు నడుస్తాయి. పై ఉదాహరణలోని ఇద్దరు పిల్లలూ ఆ లెక్కన సుమారు మూడు మెట్ల తేడాలో ఉంటారు.

మన దేశంలో భారతీయుల ఒంటి కొలతలతో జాతీయ పట్టిక తయారుచేసే సంకల్పంతో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ 'ఇండియాసైజ్' సర్వేను చేపట్టింది. 25,000 మందిని ఆరు నగరాలలో యంత్రం సహాయంతో కొలవాలని నిర్ణయించిన ఆ పథకంలో మన హైదరాబాదు కూడా ఉన్నది. ఎంతో మెచ్చదగిన పని. అయితే అందులో చేరినవారి వయస్సు 15 నుండి 65 ఏండ్లు. అనగా ఎదుగుతున్న పిల్లలకు, కొలత అవసరం అందరికంటె ఎక్కువగా ఉన్నవారికి, దానిలో చోటు లేదు. పట్టిక లేని చోట టేపే ఆధారం.

కొలత తీసే విధానం

కొలతకు కావలసిన సామగ్రి స్వల్పం: ఒక టేపు, ఒక దారం, ఒక పుస్తకం. పాత గుడ్డ టేపులు సాగిపోతాయి. కనుక మొదట దానిని ఇనుప స్కేలు పక్కన పెట్టి సరిచూచుకోవాలి. దర్జీలు అంగుళాలలోను, వైద్యులు సెంటీమీటర్లలోను వ్రాస్తారు. ఏ లెక్కలో వ్రాసినా, మొదటి నుండి చివరి వరకు అదే లెక్కలో వ్రాయడం ముఖ్యం.

బిడ్డను చెప్పులు లేకుండా, పలుచని బట్టలతో, సమతలమైన నేల మీద నిటారుగా నిలబెట్టాలి. పిల్లలు టేపు చూడగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కొంటారు. ఏదో ఒక మాటలో పెట్టి, మామూలుగా ఊపిరి తీస్తున్నప్పుడు కొలవాలి. టేపు ఒంటిని తాకుతూ ఉండాలి గాని నొక్కకూడదు. ప్రతి కొలతను రెండుసార్లు తీసి, తేడా వస్తే మూడవసారి తీయాలి. ఆడపిల్లల కొలతలు తల్లిగాని ఉపాధ్యాయినిగాని తీయడం ఉచితం.

తీయవలసిన ముఖ్యమైన కొలతలు ఇవి:

1. ఎత్తు: మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి, తల మీద గట్టి అట్టను అడ్డంగా పెట్టి గోడపై గుర్తు పెట్టాలి.
2. ఛాతీ: చంకల కింద నుండి, వెనుక రెక్కల ఎముకల మీదుగా, టేపు వెనుక జారిపోకుండా చుట్టూ కొలవాలి.
3. నడుము: చిన్నపిల్లలకు నడుము స్పష్టంగా కనిపించదు. దారం వదులుగా కట్టి ఇటు అటు వంగమంటే అది తానే నడుము దగ్గర నిలుస్తుంది.
4. తుంటి: దర్జీలు సీటు అనేది ఇదే. పిరుదులు బాగా ఎత్తుగా ఉన్న చోట చుట్టూ కొలవాలి.
5. భుజం: వెనుక వైపున ఒక భుజపుటెముక చివర నుండి రెండవదాని చివర వరకు.
6. వీపు పొడవు: మెడ వంచినప్పుడు పైకి తేలే ఎముక నుండి నడుము దారం వరకు.
7. చేతి పొడవు: మోచేయి కొద్దిగా వంచి, భుజపుటెముక నుండి మోచేతి మీదుగా మణికట్టు వరకు. చాచిన చేతిని కొలిచి కుట్టిన చొక్కా చేయి, వ్రాసుకొనేటప్పుడు పైకి లాక్కొంటుంది.
8. తల చుట్టుకొలత: ఐదేండ్ల బిడ్డకు ఇది సుమారు 20 అంగుళాలు. మెడ దానిలో సగం కంటె కొంచెమే ఎక్కువ. తలపై నుండి తొడిగే గౌనుకు మెడను మాత్రమే కొలిచి కుట్టి, తెరుచుకొనే చోటు వదలకపోతే ఏమవుతుందో తల్లులకు చెప్పనక్కరలేదు.
9. కూర్చునే లోతు: బిడ్డను బల్లపై కూర్చుండబెట్టి, పక్కగా నడుము దారం నుండి బల్ల వరకు. లాగులకు, సల్వారులకు ఇది ప్రాణం వంటిది.
10. కాలి పొడవు: తొడల మధ్య నుండి చీలమండ వరకు, లోపలి వైపున.

వీటితోపాటు తేదీ వ్రాయాలి. తేదీ లేని కొలతకు పిల్లల విషయంలో విలువ లేదు.

ఒంటి కొలత, బట్ట కొలత

ఒంటి కొలత తెలిసిన తరువాత బట్టను కొలవాలి. చొక్కాకు గుండీలు పెట్టి, బల్లపై ముడతలు లేకుండా పరచి, ఒక చంక కింది నుండి రెండవ చంక కింది వరకు కొలిచి రెట్టింపు చేస్తే ఛాతీ వస్తుంది. బట్ట కొలత నుండి ఒంటి కొలతను తీసివేయగా మిగిలేదే 'వదులు'. బట్ట సరిపోయిందా లేదా అన్న ప్రశ్నకు ఈ ఒక్క అంకెలో సగం జవాబు ఉన్నది.

ఒక ఉదాహరణ చూద్దాము. బిడ్డ ఛాతీ 24 అంగుళాలు, చొక్కా ఛాతీ 27 అంగుళాలు అయితే వదులు 3 అంగుళాలు. సాగని నేత గుడ్డతో కుట్టిన బడి చొక్కాకు 3 నుండి 5 అంగుళాల వదులు ఉంటే హాయిగా ఉంటుంది. ఒక అంగుళం మాత్రమే ఉంటే ఊపిరికే చాలీచాలకుండా ఉంటుంది. సాగే అల్లిక బనియనుకు ఇంత అక్కరలేదు.

వదులు రెండు విధాలు. ఒకటి కదలిక కోసం, రెండవది ఎదుగుదల కోసం. కదలిక కోసం ఇచ్చే వదులు ఛాతీ, చంక, తుంటి, కూర్చునే లోతు వద్ద ఉండాలి. మోకాలు పూర్తిగా వంచినప్పుడు దాని మీది చర్మం పొడవున మూడవ వంతుకు పైగా సాగుతుంది. గుడ్డ అట్లా సాగదు. ఎదుగుదల కోసం ఇచ్చేది బయటికి కనిపించనక్కరలేదు. మన పెద్దలు పరికిణీ అడుగున రెండు మూడు మడతలు వేసి కుట్టించి, పిల్ల ఎదిగిన కొద్దీ ఒక్కొక్క మడత విప్పేవారు. జాకెట్టు లోపల, చొక్కా పక్కల, చేతుల చివర గుడ్డ వదిలించేవారు. మా కుర్తాకు కావలసింది ఇదే. అడుగున మడత ఉండి, చంకల కింద, పక్కల కుట్లలో గుడ్డ ఉంటే రెండు పండుగలకూ అది అమరి ఉండేది. భుజాన్ని మాత్రం ఎదుగుదల పేరుతో పెంచకూడదు. భుజం జారితే చేయి పైకెత్తినప్పుడల్లా చొక్కా మొత్తం లేస్తుంది.

ముడతలు చెప్పే సాక్ష్యం

అంకెలు చెప్పని మిగిలిన సగాన్ని బట్టే చెబుతుంది. తొడిగిన తరువాత అడ్డముడతలు పడితే ఆ చోట బిగువు అని గుర్తు. నిలువు ముడతలు వ్రేలాడితే వదులు ఎక్కువ. చంక నుండి ఛాతీ వైపు ఏటవాలు ముడతలు వస్తే చంక గుంటలో గుడ్డ చాలలేదు. గుండీల మధ్య చొక్కా నోరు తెరిస్తే ఛాతీ చాలలేదు.

నిలబడి ఉన్న బిడ్డకు సరిపోయినంత మాత్రాన సరిపోయినట్లు కాదు. రెండు చేతులు పైకి ఎత్తమనాలి. గొంతుకూర్చొమ్మనాలి. ముందుకు వంగి నేలను తాకమనాలి. బాసిపట్లు వేసుకొని కూర్చొని వ్రాయమనాలి. ఈ నాలుగు పనులలో బిడ్డ చేయి తానుగా బట్టను లాగి సర్దుకొంటే అక్కడ లోపమున్నదన్నమాట. పదేండ్లు దాటిన ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. బిగుసుకొన్న దుస్తులతో ఆటలకు రావడానికి, బోర్డు ముందు చేయెత్తి వ్రాయడానికి జంకే పిల్లను మనం బిడియస్తురాలని అనుకొంటాము. దోషం పిల్లలో లేదు, చంక గుంటలో ఉన్నది.

మన నేల, మన గుడ్డ

పత్తి పండే నేల మనది. చీరాల మగ్గాలు దగ్గరలోనే ఉన్నాయి. నూలు గుడ్డ గుణదోషాలు మనకు తెలియవలసినంతగా మరెవరికి తెలియాలి? కుదింపు తీయని నూలు గుడ్డ మొదటి ఉతుకులలో నూటికి ఐదు వంతుల వరకు కుంచించుకుపోవచ్చు. పై ఉదాహరణలోని 27 అంగుళాల చొక్కా ఆ లెక్కన సుమారు 1⅓ అంగుళాలు పోగొట్టుకొంటుంది. మనం ఇచ్చిన 3 అంగుళాల వదులులో దాదాపు సగం ఒక్క ఉతుకుతో మాయమైనదన్నమాట. కత్తిరించక ముందే గుడ్డను తడిపి, ఆరవేసి ఇవ్వమని పాత దర్జీలు చెప్పేది ఇందుకే.

వాతావరణం కూడా లెక్కలోనికి రావాలి. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటా ప్రసిద్ధి. ఒంటికి, గుడ్డకు మధ్య గాలి ఆడే చోటు లేకపోతే చెమట ఆరదు. మిరప కోతల రోజులలో తల్లుల వెంట చేలకు, కళ్ళాలకు వెళ్ళే పిల్లలను మనం చూస్తూనే ఉన్నాము. మిరప ఘాటు చెమటతో కలిసి, బిగువైన మెడపట్టీ, చంక, నడుము పట్టీ రాసుకొనే చోట్లనే ఎక్కువగా మండిస్తుంది. అక్కడ వదులైన నిండు చేతుల చొక్కా అలంకారం కాదు, రక్షణ.

పొట్టి కాని చొక్కా

ఇంతవరకు బట్ట ఒంటికి సరిపోయిందా అని చూచాము. ఇప్పుడు అదే టేపు చెప్పే మరొక సంగతి చూడాలి.

"నిరుటి చొక్కా ఈ ఏడు కూడా బాగానే వచ్చింది" అని తల్లిదండ్రులు సంతోషిస్తారు. ఖర్చు కలిసివచ్చిందన్న ఆ సంతోషం సహజమే. కాని నాలుగేండ్లు దాటిన బిడ్డ ఏడాదికి సుమారు 5–6 సెంటీమీటర్ల ఎత్తు పెరగాలి. ఆ లెక్కన ఏడాది తిరిగేసరికి లాగు పొట్టి కావాలి, చొక్కా చేయి మణికట్టు దాటి పైకి రావాలి. అట్లా రాలేదంటే, గుడ్డ కుదించుకోలేదని కాదు, బిడ్డ ఎదగలేదేమోనని ఆలోచించాలి. నాలుగేండ్లకు, ఈడు రావడానికి మధ్య ఒక ఏడాదిలో 4 సెంటీమీటర్లు కూడా పెరగని బిడ్డను వైద్యునికి చూపించవలసి ఉంటుంది.

ఇది ఊరక భయపెట్టే మాట కాదు. 2019–20లో మన రాష్ట్రంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 31 మంది వయస్సుకు తగిన ఎత్తు లేనివారని తేలింది. ఆ పిల్లలే తరువాత బడికి వస్తారు. వయస్సును బట్టి కొన్న దుస్తులు వారి ఒంటిపై వ్రేలాడతాయి. తోటివారు నవ్వుతారు. వదులైన ఆ చొక్కా వెనుక చాలని అన్నం ఉన్నదని ఎవరూ గుర్తించరు. ఆరు నెలలు నిండి ఐదేండ్లు నిండని బిడ్డ దండచేయి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గితే పోషకాహార లోపమని, 11.5కు తగ్గితే అది తీవ్రమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. చొక్కా చేతి కోసం పట్టిన టేపు ఆ మాట కూడా చెప్పగలదు.

మనం చేయదగిన పని

బడి పిల్లలకు ఏకరూప దుస్తులు ఇవ్వడం నేడు ప్రభుత్వ విధానం. 2018లో మొదలైన సమగ్ర శిక్షా పథకం రెండు జతలకు ఒక్కొక్క విద్యార్థికి ఏడాదికి 600 రూపాయల వరకు కేటాయించింది. మన రాష్ట్రంలో 2020లో ఆరంభమైన జగనన్న విద్యాకానుకలో మూడు జతల గుడ్డ, దానితోపాటు కుట్టుకూలి ఇచ్చారు. 2024 తరువాత ఆ పథకం సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో సాగుతున్నది. బూట్ల కోసం పాదాలను కొలిచే ఏర్పాటు కూడా జరిగింది. పాదానికి కొలత ఉన్నప్పుడు ఒంటికి మాత్రం ఎందుకుండకూడదు?

ప్రతి బడిలో ఒక కొలతల పుస్తకం ఉండాలని మా సూచన. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒకసారి, సంక్రాంతి సెలవుల తరువాత మరొకసారి ప్రతి బిడ్డ ఎత్తు, ఛాతీ, తుంటి, చేతి పొడవు, కాలి పొడవు వ్రాస్తే చాలును. వలస వెళ్ళి ఆలస్యంగా బడికి చేరిన బిడ్డను చేరిన నాడే కొలవాలి. ఆ పుస్తకాన్ని చూచి దర్జీ కుట్టగలడు. దానినే చూచి ఉపాధ్యాయుడు ఎవరు ఎదుగుతున్నారో, ఎవరు ఎదగడం లేదో తెలుసుకోగలడు. ఒక బిడ్డ కొలతలను ఇంకొక బిడ్డ ముందు బిగ్గరగా చదవకూడదన్న నియమం మాత్రం తప్పనిసరి.

ఈ పనిలో మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులు పాలుపంచుకోవడానికి ఎంతో అవకాశం ఉన్నది. గుంటూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయపు కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉన్నది. కొలతల విషయంలో శిక్షణకు వారిని అడగవచ్చు. మన విద్యార్థులలో దర్జీ కుటుంబాల నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. టేపు పట్టడం వారికి ఎవరూ నేర్పనక్కరలేదు; ఇంటి విద్యనే వారు తోటివారికి నేర్పగలరు. సేవా పథకం కింద ఏడాదికి రెండు ఆదివారాలు, పొరుగునున్న రెండు ప్రాథమిక పాఠశాలలు చాలును. ఖర్చు నాలుగు టేపులు, రెండు పుస్తకాలు. కళాశాల కమిటీ పెద్దలు ఈ సూచనను పరిశీలించవలెనని వినయపూర్వకంగా కోరుతున్నాము.

మంచమున్నంత వరకే కాళ్ళు చాచుకొమ్మన్నారు పెద్దలు. పెద్దవారి ఖర్చు విషయంలో అది నిజమే. ఎదిగే బిడ్డ కాళ్ళు మాత్రం మంచాన్ని చూచి ఆగవు, ఆగకూడదు. ఏడాదికొకసారి చొక్కా పొట్టి కావడం ఇంటికి నష్టం కాదు, ఆ ఇంట బిడ్డ ఎదుగుతున్నదనడానికి గుర్తు. ఆ గుర్తును కంటితో అంచనా కట్టక టేపుతో చూచి, తేదీతో సహా వ్రాసిపెట్టుకొందాము.